కొత్తదన్నారు గానీ, ఎవరో తొడిగిన కోటు

డాలస్‌లో ఒక ఆర్మీ సర్‌ప్లస్ (సైన్యం దగ్గర మిగిలిపోయిన సరుకులమ్మే) షాపులో అమెరికన్ ఎడారి యూనిఫాం కోటు కొన్నాను. 1991 గల్ఫ్ యుద్ధం నాటి ఆరు రంగుల రకం, సైనికులు 'చాక్లెట్ చిప్' అని పిలుచుకున్నది. అప్పట్లో ఆ యుద్ధంలో అమెరికా సేనల్ని నడిపిన జనరల్ ష్వార్జ్‌కాఫ్ ఒంటి మీద టీవీలో చూశాం కదా, అదే.

దగ్గరగా చూస్తే ముచ్చటేస్తుంది. ఇసుక రంగు మీద గోధుమ మరకలు, వాటి మీద నల్ల చుక్కలు, పక్కనే తెల్ల మచ్చ: గులకరాయీ దాని నీడా అన్నమాట. అమెరికా రాళ్ళ ఎడారుల కోసం 1960లలో గీసిన డిజైన్ ఇది. యుద్ధం జరిగిన కువైట్ వైపేమో చాలా చోట్ల చదునైన ఇసుక, ఈ గులకరాళ్ళ బొమ్మ అక్కడ అంతగా నప్పలేదు. ఆ తర్వాత మూడు రంగులది వచ్చేసింది.

గుడ్డ మందం. ఆ ఎండలో దీన్ని తొడుక్కుని ఎలా ఉన్నారో పాపం! కుట్టు మాత్రం ఎక్కడా వదల్లేదు, మోచేతుల దగ్గర రెండు పొరలు.

'వాడనిది' అని అమ్మారు. ఇంటికొచ్చి చూస్తే కుడి జేబు పైన పేరు పట్టీ ఊడదీసిన సూది రంధ్రాలు, వరసగా. అబద్ధమాడినందుకు కోపమొచ్చింది. ఉన్నమాట చెప్పుంటే ఇంకా ఇష్టంగా కొనేవాణ్ణి. తిరగేసి, చన్నీళ్ళలో ఉతికి, నీడన ఆరేశాను.