వర్క్ ఆర్డర్లకు పుస్తకమా, వాట్సాపా, ఎక్సెలా, సాఫ్ట్‌వేరా: ఏది మేలు?

ఈ నాలుగింటితోనూ బిల్డింగ్ మెయింటెనెన్స్ నడిపాను. ముందు వాట్సాప్ సంగతి తేల్చేస్తాను, ఎందుకంటే ఇప్పుడు చాలామంది బండి దాని మీదే లాగించేస్తున్నారు.

కంప్లైంట్ తీసుకోవడానికి వాట్సాప్ భేషుగ్గా ఉంటుంది. ఫొటో వచ్చేస్తుంది, టైమ్ దానంతటదే పడుతుంది. కానీ కంప్లైంట్ వేరు, పనివాడికి రాసిచ్చే పని చీటీ, అంటే వర్క్ ఆర్డర్ వేరు. "బాత్రూంలో నీళ్లు కారుతున్నాయి" అన్నది కంప్లైంట్. "రెండో అంతస్తు, లిఫ్ట్ పక్క టాయిలెట్, తలుపు వైపు నుంచి మూడో వాష్‌బేసిన్, బాటిల్ ట్రాప్ జాయింట్ దగ్గర లీకు, యాంగిల్ వాల్వ్ కట్టేశాం" అన్నది వర్క్ ఆర్డర్. మొదటిది చదివిన ప్లంబర్ చూడ్డానికి ఒకసారి, వాషర్ కోసం ఇంకోసారి మెట్లెక్కి దిగుతాడు. రెండోది చదివినవాడు వాషర్ జేబులో వేసుకునే బయల్దేరతాడు. పైగా గ్రూపులో ఎవరో బొటనవేలు గుర్తు పెడతారు. దానికి అర్థం "చూశాను" అనా, "వెళ్తున్నాను" అనా, "అయిపోయింది" అనా? సాయంత్రానికి ఇరవై మెసేజీల కింద ఆ లీకు మునిగిపోతుంది.

కార్బన్ పేపర్ పెట్టి రాసే పుస్తకాన్ని పాతకాలపుదని తీసిపారేయకండి. పేజీకో అచ్చు నంబరు ఉంటుంది కాబట్టి మధ్యలో ఒకటి చింపితే తెలిసిపోతుంది. పై కాగితం పనివాడి చేతికి, అడుగుది పుస్తకంలో. పని అయ్యాక, కంప్లైంట్ ఇచ్చినవాళ్లే ఆ కాగితం మీద సంతకం పెట్టాలి. సంతకం లేని కాగితాలన్నీ ఒక క్లిప్పుకి పెడితే, మిగిలిన పనులెన్నో లావు చూస్తేనే తెలుస్తుంది.

దాని జబ్బల్లా ఒకటే, వెనక్కి చూడలేం. నేను చూసిన ఒక బిల్డింగులో నీళ్ల పంపు నెలలో మూడుసార్లు ట్రిప్ అయింది, అంటే దానంతటదే ఆగిపోయింది. మూడుసార్లూ మూడు షిఫ్టుల వాళ్లు "రీసెట్ చేశాం, ఓకే" అని రాశారు. మూడు పేజీలు, మూడు చేతిరాతలు. ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాడు లేడు. నాలుగోసారి బేరింగ్ పట్టేసి మోటర్ లోపలి వైండింగ్ కాలిపోయింది. పుస్తకం అబద్ధం చెప్పలేదు, కాకపోతే అడిగేవాడే లేడు.

అదే ఎక్సెల్‌లో ఉంటే పంపు నంబరు మీద ఫిల్టర్ కొట్టగానే మూడు వరసలూ ఒకచోట కనబడేవి. అయితే ఒకరు "మోటర్" అని, ఇంకొకరు "మోటారు" అని, మరొకరు "పంపు" అని కొట్టారంటే ఫిల్టర్ పనిచేసినట్టే! ప్రతి యంత్రానికీ ఒక నంబరిచ్చి, దాన్ని డ్రాప్‌డౌన్‌లో పెట్టి తీరాలి. ఒక షీట్‌లో 10,48,576 వరసలు పడతాయి, చోటుకేం కొదవలేదు. కొదవల్లా క్రమశిక్షణకే. "ఫైనల్", "కొత్త ఫైనల్" అని రెండు ఫైళ్లు పుట్టిన రోజున ఇక అందులో ఏదీ నమ్మలేం.

ఇక మెయింటెనెన్స్ పనుల కోసమే చేసిన సాఫ్ట్‌వేర్. దీని అసలు బలం రిపేర్లలో కాదు, ముందస్తు సర్వీసుల్లో. జనరేటర్ ఆయిల్ ఒక్క తేదీని బట్టే మార్చేది కాదు, తిరిగిన గంటలు కూడా చూడాలి. 250 గంటలకు మార్చమని కంపెనీ చెప్పిందనుకుంటే, రోజూ మీటర్ రీడింగ్ ఎక్కిస్తే చాలు, వేళకి వర్క్ ఆర్డర్ అదే తయారవుతుంది. పుస్తకం ఎవరినీ లేపి గుర్తుచేయదు కదా. యంత్రం మీది క్యూఆర్ స్టిక్కర్ స్కాన్ చేస్తే పాత రిపేర్ల చిట్టా కూడా వచ్చేస్తుంది.

కానీ ఐదు నిమిషాల పనికి పధ్నాలుగు గళ్లు నింపమంటే, తడిచేతులతో ఉన్నవాడు నింపడు. బేస్‌మెంట్‌లో సిగ్నల్ ఉండదు. అప్పుడేమవుతుందంటే, నెలాఖరున సూపర్‌వైజర్ ఒక్కడే కూర్చుని వరసపెట్టి అన్నీ "క్లోజ్డ్" కొట్టేస్తాడు. ఆ రిపోర్టు పుస్తకం కన్నా అధ్వాన్నం. సంతకం లేని కాగితమైతే కనీసం సంతకం లేదని చూపిస్తుంది.

అందుకే నా లెక్క ఇది. ఒకటే బిల్డింగు, ఇద్దరు ముగ్గురు పనివాళ్లు అయితే కార్బన్ పుస్తకం, దాన్ని ఏ రోజుకారోజు ఎక్కించే ఎక్సెల్ చాలు. బిల్డింగులు పెరిగి, జనరేటర్లు, ఏసీలకు నీళ్లు చల్లబరిచే చిల్లర్లు, లిఫ్టుల సర్వీసులు ఒకదాని మీదొకటి పడుతుంటే సాఫ్ట్‌వేర్ కొనండి, తప్పనిసరి గళ్లు ఐదారుకి మించనివ్వకండి. వాట్సాప్ గుమ్మం దగ్గరే ఆగాలి. కంప్లైంట్ వచ్చిందా, నంబరు ఇచ్చామా, అంతే.

ఏది కొన్నా ఒక్క కాగితం మాత్రం పోనివ్వకండి. కరెంటు పని జరుగుతున్నప్పుడు ఆపేసిన బ్రేకర్‌కు తాళంతో పాటు వేలాడే చీటీ అది. దాని మీద వర్క్ ఆర్డర్ నంబరు, పనిచేస్తున్నవాడి పేరు పెన్నుతో రాసి ఉండాలి, తాళంచెవి అతని జేబులోనే ఉండాలి. చీకట్లో ప్యానెల్ ముందుకొచ్చి స్విచ్ మీద చెయ్యి వేయబోయేవాడు ఫోన్ తీసి యాప్ చూడడు.