రెండు డిస్కుల నాస్: పెట్టె బాగుంది, షేరింగ్‌తోనే తంటా

నాస్ అంటే నెట్‌వర్క్‌లో అందరూ కలిసి వాడుకునే డిస్కుల పెట్టె. ఇది భీమవరం ఫొటో స్టూడియోలో నాలుగు విండోస్ సిస్టమ్‌ల మధ్య వాడుతున్నది. రెండు 4 టీబీ డిస్కులు, రెయిడ్ 1 (ఒకే డేటా రెండు డిస్కుల్లోనూ ఉంటుంది). ముహూర్తాల సీజన్లో రాత్రింబవళ్లు నడిచినా పెట్టెకి వంక పెట్టేదేమీ లేదు. చిక్కంతా షేరింగ్‌లోనే.

అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించేది తెలుగు ఫైల్ పేర్లు. నాస్ లోపల నడిచేది లైనక్స్, దాని ఫైల్ సిస్టమ్‌లో పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు. తెలుగులో అక్షరం, గుణింతం, పొల్లు ఒక్కోటీ మూడేసి బైట్లు. ‘పాలకొల్లు’ కంటికి నాలుగక్షరాలే, లోపల తొమ్మిది గుర్తులు, 27 బైట్లు. మామూలు షేర్‌లో ఇది ఎలాగో సరిపోతుంది. ఈక్రిప్ట్‌ఎఫ్ఎస్ అనే లైనక్స్ పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేసిన (తాళం వేసిన) ఫోల్డర్‌లో మాత్రం హద్దు 143 బైట్లే, అంటే 47 గుర్తులు. పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికూతురు పేరు, ఊరు, కల్యాణమండపం అన్నీ కలిపి పేరు పెడితే ఆ ఫైల్ కాపీ కాదు. ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసే ముందే పేర్లు కుదించుకోవాలి: తేదీ, ఇంటిపేరు, వరస నంబరు చాలు. విండోస్‌లో ఫోల్డర్ల పేర్లతో కలిపి మొత్తం దారికి (పాత్) 260 అక్షరాల హద్దు వేరే ఉంది, కాబట్టి ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోకండి.

విండోస్ 11 ప్రో 24హెచ్2 అప్‌డేట్ వచ్చాక పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్ తెరుచుకోదు. సైనింగ్ (వచ్చే డేటాని దారిలో ఎవరూ మార్చలేదని చూసే భద్రత) ఆపేయమనే సలహాలు బోలెడు దొరుకుతాయి, వినకండి. మనిషికో యూజర్ చేయండి, పది నిమిషాల పని. ఒకే సిస్టమ్ నుంచి ఒకే నాస్‌కి రెండు యూజర్లతో వెళ్లబోతే విండోస్ ఒప్పుకోదు. పాత యూజర్‌ని విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే క్రెడెన్షియల్ మేనేజర్‌లో తీసేసి, లాగాఫ్ అయి మళ్లీ రండి. ఎస్ఎంబీ 1 (విండోస్ ఫైల్ షేరింగ్ పాత పద్ధతి) తప్ప తెలియని పాత స్కానర్ కోసం ఆ పద్ధతిని నాస్‌లో ఆన్ చేయడం శుద్ధ దండగ. 2017లో ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగిన వాన్నాక్రై వైరస్ దూరింది ఆ తలుపులోంచే. స్కానర్‌లో ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపే మరో పద్ధతి) ఉంటే విడి ఫోల్డర్ ఇవ్వండి.

ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఫొటోల పట్టిక, అంటే కేటలాగ్, నెట్‌వర్క్ డ్రైవ్‌లో తెరుచుకోదు. కేటలాగ్ సిస్టమ్‌లో, ఫొటోలు నాస్‌లో ఉంచాలి.

వేగం పడిపోతే ముందు డిస్కుని అనుమానించకండి, కేబుల్ చూడండి. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వేగానికి ఎనిమిది తీగలూ ఆడాలి. మన ఉప్పుగాలికి పిన్నుకి చిలుము పట్టినా, ఎలుక ఒక తీగ కొరికినా లింకు 100కి దిగుతుంది. 64 జీబీ కార్డు పది నిమిషాల్లో ఎక్కాల్సింది గంటన్నర దాటుతుంది. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ 1000 చూపిస్తోందా లేదా చూసి, లేకపోతే రెండు కొసలా కొత్త కనెక్టర్లు కొట్టించండి.

ఇన్వర్టర్ ఉందిగా అని యూపీఎస్ మానేయొద్దు. తుఫానుకి కరెంటు పోయి బ్యాటరీ దిగిపోతే, నాస్‌ని పద్ధతిగా ఆపమని ఇన్వర్టర్ చెప్పలేదు. యూఎస్‌బీ పోర్టున్న యూపీఎస్ చెబుతుంది. ఇంకొకటి, షేర్‌లో డిలీట్ చేసింది విండోస్ రీసైకిల్ బిన్‌కి పోదు. నాస్‌లోని రీసైకిల్ బిన్‌ని ప్రతి షేర్‌కీ విడిగా ఆన్ చేసుకోవాలి.