ట్రెక్‌కి ఏ లెన్స్ మేలు: వైడా, జూమా?

ట్రెక్‌కి ఒక్క లెన్సే పట్టుకెళ్లాలంటే నేను జూమే అంటాను, అంటే దూరాన ఉన్నదాన్ని దగ్గరికి లాగే లెన్స్. వైడ్ అంటే ఎదురుగా ఉన్నదంతా వెడల్పుగా పట్టేది. కొండలకి వైడ్ లెన్సే కావాలని అందరూ చెప్తుంటారు, నేనూ అదే నమ్మి నా సోనీ ఏ6400 కెమెరాకి 10-18 ఎంఎం వైడ్ లెన్స్ తగిలించుకుని డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ కొండ ఎక్కాను. తెల్లవారుజామున మూడింటికి టెంట్లోంచి బయల్దేరి, మంచులో కాళ్లీడ్చుకుంటూ 3,810 మీటర్ల పైకి చేరేసరికి తూర్పు వైపు స్వర్గారోహిణి, బందర్‌పూంఛ్ శిఖరాలకి గులాబీ రంగు అంటుకుంది, చూస్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. హైదరాబాద్ వచ్చి లాప్‌టాప్‌లో చూస్తే ఫొటోలో సగం ఆకాశం, సగం జనం తొక్కిన మంచు, మధ్యలో పిడికెడు ఉప్పు పోసినట్టు ఆ శిఖరాలు.

అది లెన్స్ తప్పు కాదు. వైడ్‌లో కాళ్ల ముందున్న రాయి పెద్దగా, దూరాన ఉన్న కొండ చిన్నగా పడుతుంది. మన కన్నేమో శిఖరం దగ్గరే ఆగిపోయి మిగతాదంతా వదిలేస్తుంది. అక్కడ నాలుగడుగులు ముందుకేసి దగ్గరికి వెళ్దామన్నా కుదరదు, మధ్యలో లోయలున్నాయి.

నమ్మకం కలగాలంటే ఒక ఆదివారం పొద్దున్నే గోల్కొండకి వెళ్లండి. బాలాహిస్సార్ పైకెక్కి కుతుబ్‌షాహీ సమాధుల వైపు 18-135 ఎంఎం జూమ్ లెన్స్‌తో ఒక ఫొటో 18 దగ్గర (వెడల్పుగా), ఇంకోటి 135 దగ్గర (పూర్తిగా దగ్గరికి లాగి) తీయండి. మొదటి దాంట్లో గుమ్మటాలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి, రెండో దాంట్లో అవే ఫొటో అంతా నిండుతాయి. లెన్స్ ఒకరోజుకి అద్దెకి తీసుకున్నా సరిపోతుంది, నచ్చితే అప్పుడు కోఠీ గుజరాతీ గల్లీలో సెకండ్ హ్యాండ్ చూసుకోవచ్చు.

బరువు సంగతికొస్తే 10-18 బరువు 225 గ్రాములు, 18-135 బరువు 325. అంటే తేడా ఒక అరటిపండంత. రెండూ తీసుకెళ్తే ఏ గొడవా ఉండదు కదా అంటారేమో, కానీ గాలి కొడుతుంటే, మంచు పొడి ఎగురుతుంటే గ్లవ్స్ విప్పి లెన్స్ మార్చడం నిజంగా నరకం, పైగా సెన్సర్ మీద తడి పడుతుందేమోనని టెన్షన్. 55-210 అనే ఇంకో జూమ్ లెన్స్‌తో కూడా ఇదే ఇబ్బంది. దూరం బాగానే లాగుతుంది గానీ 55 కంటే వెనక్కి రాదు కాబట్టి టెంట్ దగ్గర మనుషుల్ని తీయాలంటే మళ్లీ ఇంకో లెన్స్ కావాలి.

రెండోసారి 18-135 ఒక్కటే పెట్టుకుని అదే కొండెక్కాను. దూరపు కొండలు నునుపు అంటారు గానీ 135లో చూస్తే నునుపేం కాదు, మంచు జారిన చారలు, రాతి అంచులు, గాలికి లేచే మంచు పొడి, అన్నీ విడివిడిగా కనిపించాయి. ఎండ పక్క నుంచి పడే ఆ పావుగంటే అసలు సమయం, మధ్యాహ్నానికి మసక కమ్మేస్తుంది.

జూమ్‌కీ కష్టాలున్నాయి. ఏ6400 బాడీలో స్టెబిలైజేషన్, అంటే చెయ్యి వణికినా ఫొటో అదరకుండా ఆపే ఏర్పాటు, లేదు, లెన్స్‌లో ఉన్నదే దిక్కు. 135 దగ్గర షట్టర్ వేగం సెకనులో 1/200 వంతు కంటే తగ్గనివ్వకండి, చీకటిగా ఉంటే ఐఎస్ఓ (కెమెరా వెలుతురుకి స్పందించే స్థాయి) 1600 దాకా పెంచండి, కొంచెం గ్రెయిన్, అంటే చుక్కలు చుక్కలుగా, వచ్చినా పర్లేదు, అదిరిన ఫొటోనైతే బాగుచేయలేం.

మరి వైడ్ వద్దా అంటే, కేదార్‌కంఠ దారిలో ఉన్న జూడా కా తాలాబ్ చెరువులో నీడలు, దేవదారు చెట్ల మధ్య దారి, ఇవి వైడ్‌లోనే అందంగా వస్తాయి. అయితే పగటిపూట అంతమాత్రం పని అల్ట్రావైడ్ ఉన్న ఫోన్ చేసేస్తుంది, అదెలాగూ జేబులోనే ఉంటుంది. నక్షత్రాల దగ్గర మాత్రం నా మాట చెల్లదు. 18-135లో అపర్చర్, అంటే వెలుతురు లోపలికొచ్చే రంధ్రం, ఎఫ్3.5 కంటే పెద్దగా తెరుచుకోదు (ఈ అంకె ఎంత తక్కువైతే రంధ్రం అంత పెద్దది). మీరు వెళ్లేదే పాలపుంత కోసమైతే 405 గ్రాముల సిగ్మా 16 ఎంఎం ఎఫ్1.4 లెన్స్, దాంతోపాటు ట్రైపాడ్ మోయండి, జూమ్ ఇంట్లో వదిలేయండి.