ఇమాటినిబ్‌ తిన్నాక, నిలోటినిబ్‌ ఖాళీ కడుపున

క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ బయటపడ్డాక కావలిలో అయినా, ఒంగోలులో అయినా మొదటి ప్రశ్న: పాత బిళ్ల ఇమాటినిబా, కొత్తదైన నిలోటినిబా?

ఇమాటినిబ్ మామూలుగా రోజుకు 400 మిల్లీగ్రాములు, అన్నం తిన్నాక పెద్ద గ్లాసుడు నీళ్లతో. కళ్ల చుట్టూ వాపు, పిక్కలు పట్టేయడం ఉంటాయి. విసుగే, కానీ చాలామంది నెట్టుకొస్తారు.

నిలోటినిబ్ ఈ జబ్బుకు మూలమైన అసాధారణ జన్యువు బీసీఆర్-ఏబీఎల్‌ను త్వరగా తగ్గిస్తుంది. పేచీలూ ఎక్కువే. కొత్త రోగికి 300 మిల్లీగ్రాముల చొప్పున రెండు పూటలా; క్యాప్సూల్‌కు ముందు 2 గంటలు, తర్వాత గంట ఏమీ తినకూడదు. గుండె లయ తప్పే ప్రమాదముంది కాబట్టి ముందే ఈసీజీ, పొటాషియం, మెగ్నీషియం చూడాలి.

తెల్లారకముందే రొయ్యల చెరువుకెళ్లి, వీలైనప్పుడు నాలుగు ఇడ్లీలు తినే షుగర్ పేషెంట్‌కి, అందులోనూ సిగరెట్ అలవాటుంటే, నేనైతే ఇమాటినిబ్ వైపే మొగ్గుతాను. నిలోటినిబ్ షుగర్ పెంచగలదు, రక్తనాళాలు మూసుకుపోయే ముప్పూ ఉంది.

దగ్గుకని మెడికల్ షాపులో అడిగి క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వేసుకుంటే మాత్రం రెండు మందుల మోతాదూ రక్తంలో పెరిగిపోతుంది.