పల్స్‌డ్ ఫీల్డ్ జెల్‌తో పన్నెండేళ్లు

మా ప్రయోగశాలలో ఒక మూల బల్ల మీద పల్స్‌డ్ ఫీల్డ్ జెల్ యంత్రం ఉంది. చాలా పొడవైన డీఎన్‌ఏ ముక్కలను పొడవును బట్టి విడదీసేది అది. బ్యాక్టీరియా క్రోమోజోమ్‌లో జన్యువులు ఏ వరుసలో ఉన్నాయో తెలుసుకోవడానికి పన్నెండేళ్లుగా దాన్ని వాడుతున్నాను. కొత్తగా ప్రయోగశాల పెట్టుకుంటున్న మిత్రుడొకరు మొన్న అడిగారు: "సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ అక్షరాలను నేరుగా చదవడం) ఇంత చవకయ్యాక కూడా అది కొనాలంటారా?" ఆయనకు ఫోనులో చెప్పిన సమాధానం తొందరపాటుదనిపించింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మామూలు అగరోజ్ జెల్‌లో, అంటే డీఎన్‌ఏ ముక్కలను కరెంటుతో లాగే జెల్లీ పలకలో, కరెంటు ఒకే దిక్కుకు పారుతుంది. 40, 50 కిలోబేసులు (కిలోబేసు అంటే వెయ్యి డీఎన్‌ఏ అక్షరాలు) దాటిన డీఎన్‌ఏ ముక్కలన్నీ అందులో దాదాపు ఒకే వేగంతో కదిలి ఒకేచోట కుప్పపడతాయి. పేగుల్లో ఉండే ఈ. కోలై బ్యాక్టీరియా కె-12 రకంలో క్రోమోజోమ్ పొడవు సుమారు 4,640 కిలోబేసులు. దాన్ని పెద్ద ముక్కలుగా కోసినా ఆ జెల్‌లో విడిగా కనిపించవు. 1984లో డేవిడ్ ష్వార్ట్జ్, చార్లెస్ కాంటర్ అనే శాస్త్రవేత్తలు దీనికి దారి చూపారు. కరెంటు దిక్కును మాటిమాటికీ మార్చడమే ఆ కిటుకు. ఇరుకు సందుల్లో తాళ్లు లాక్కెళ్తున్నామనుకోండి. మలుపు వచ్చినప్పుడల్లా పొట్టి తాడు చప్పున తిరిగిపోతుంది, పొడవాటి దానికి తిరగడంతోనే సమయం సరిపోతుంది. ముక్కలు విడిపోయేది ఆ తేడా వల్లే. మా యంత్రంలో ఆరు భుజాల చట్రం చుట్టూ 24 ఎలక్ట్రోడ్లు ఉంటాయి, దిక్కు 120 డిగ్రీల కోణంలో మారుతుంది. సెంటీమీటరుకు 6 వోల్టులు, 14 డిగ్రీల చల్లదనం పెట్టి రాత్రంతా, ఒక్కోసారి మర్నాడు సాయంత్రం దాకా నడుపుతాం.

అసలు పనితనమంతా యంత్రం మీట నొక్కకముందే ఉంది. ఇంత పొడవు డీఎన్‌ఏ పిపెట్‌తో పీల్చితేనే తెగిపోతుంది. అందుకే బ్యాక్టీరియా కణాలను కరిగించిన అగరోజ్‌లో కలిపి, అచ్చుల్లో పోసి, చిన్న బిళ్లలు చేస్తాం. వాటినే ప్లగ్‌లు అంటాం. అచ్చులోంచి తీసినప్పుడు ప్లగ్ జున్ను ముక్కలా తెల్లగా మసకగా ఉంటుంది. ప్రొటీన్లను కరిగించే ప్రొటీనేజ్-కె ఎంజైమ్ కలిపిన ద్రావణంలో నానబెట్టాక కణాలు కరిగి, మసక విడిపోయి, గాజు పలుకులా తేటపడుతుంది. లోపల క్రోమోజోమ్ చెక్కుచెదరకుండా మిగులుతుంది. ఆ తేటదనాన్ని చూసి పని సవ్యంగా జరిగిందో లేదో చెప్పడం నాకు రెండేళ్లకు గానీ అలవడలేదు. తరవాత కడగాలి. 50 డిగ్రీల నీటితో, ఆపైన బఫర్ ద్రావణంతో, మళ్లీ మళ్లీ. ఇక్కడ ఒక్క విడత తగ్గించినా మిగిలిన ప్రొటీనేజ్ మనం వేయబోయే కోత ఎంజైమ్‌ను తినేస్తుంది. కొత్తగా చేరినవాళ్ల జెల్‌లు పాడయ్యేది ఎక్కువగా ఈ కడుగుడు దగ్గరే.

కోతకు ఏ ఎంజైమ్ వాడతామన్నదాన్ని బట్టి ఈ పద్ధతి విలువ మారుతుంది. ఎనిమిది అక్షరాల గుర్తును వెతికే నాట్-1 అరుదుగా కోస్తుంది. 1987లో కాంటర్ బృందం ఈ. కోలై భౌతిక పటాన్ని గీసింది దానితోనే, ఆ పటంలో 22 కోతలున్నాయి. నాకు మాత్రం ఐ-సీయూ-1 అనే ఎంజైమ్ అంటే ప్రాణం. అది కోసేది 23ఎస్ రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువు లోపల మాత్రమే. ఈ. కోలైలో అలాంటి జన్యు గుచ్ఛాలు ఏడు. క్రోమోజోమ్ వలయం కాబట్టి ఏడు కోతలకు ఏడు ముక్కలు. జెల్ మీద ఒక్కో ముక్క ఒక్కో గీతగా కనిపిస్తుంది. వాటికి ఎ నుంచి జి దాకా పేర్లు పెట్టారు. అన్నిటికన్నా పెద్దది ఎ, సుమారు 2,500 కిలోబేసులు. చిన్నది ఎఫ్, 41.

ముక్కల పొడవులు తెలిసినంత మాత్రాన వరుస తెలియదు. దాని కోసం కోతను సగంలో ఆపుతాం. ఎంజైమ్ తక్కువ వేసి, తక్కువసేపు ఉంచితే కొన్ని చోట్ల తెగదు. అప్పుడు డి (94), ఇ (131) ఒకటిగా మిగిలి 225 దగ్గర కొత్త గీత పడుతుంది. ఆ గీత ఉంటే ఆ రెండూ ఇరుగుపొరుగు, లేకపోతే కావు. ఇలా జతలు జతలుగా కూడుకుంటూ పోతే వలయం పూర్తవుతుంది. కాగితం మీద కూడికలు వేస్తూ ఒక క్రోమోజోమ్‌ను కూర్చిన మొదటి సాయంత్రం నాకింకా గుర్తుంది.

దీని అవసరం బాగా తెలిసింది టైఫాయిడ్ బ్యాక్టీరియా (సాల్మొనెల్లా టైఫీ) దగ్గర. ఈ. కోలైలోనూ, టైఫీకి దగ్గరి చుట్టమైన సాల్మొనెల్లా టైఫీమ్యూరియంలోనూ ఈ ఏడు ముక్కల వరుస సాధారణంగా ఒకటే. టైఫీలో అలా కాదు. ఒకేలా ఉండే రైబోసోమ్ జన్యు గుచ్ఛాల మధ్య పునస్సంయోజనం (డీఎన్‌ఏ తెగి మరోచోట అతుక్కోవడం) జరిగి, ముక్కలు చోట్లు మార్చుకుంటాయి, తిరగబడతాయి. 1996లో లియు, శాండర్సన్ 127 టైఫీ నమూనాలను ఇదే పద్ధతిలో చూసి ఇరవైకి పైగా వేర్వేరు వరుసలు కనుక్కున్నారు. సీటీ18, టీవై2 అనే రెండు ప్రసిద్ధ టైఫీ రకాలను పూర్తిగా చదివినప్పుడు కూడా, ఒకదాంట్లో జీనోమ్‌లో సగం దాకా రెండోదానితో పోలిస్తే తిరగబడి ఉందని తేలింది.

మా దగ్గర ఒక విద్యార్థిని స్థానిక టైఫీ నమూనాను చిన్న రీడ్‌ల సీక్వెన్సింగ్‌తో చదివించింది. ఒక్కో రీడ్, అంటే ఒక్క దఫాలో చదివే తునక, కొన్ని వందల అక్షరాలే. రైబోసోమ్ జన్యు గుచ్ఛమేమో ఐదు వేల అక్షరాలకు పైమాటే, పైగా ఏడు చోట్లా దాదాపు ఒకేలా ఉంటుంది. రీడ్ దాన్ని దాటలేదు. అందుకే జీనోమ్ ముక్కలుగానే వచ్చింది. ఆ ముక్కలను సీటీ18 వరుసలో పేర్చి, పటం గీసి తెచ్చింది. చూడటానికి ముచ్చటగా ఉంది. సగం కోత జెల్ నడిపి చూస్తే, పటం ప్రకారం పక్కపక్కన ఉండాల్సిన రెండు ముక్కల మొత్తం దగ్గర గీత లేదు. పటంలో పక్కపక్కన లేని మరో జత మొత్తం దగ్గర ఉంది. మూడుసార్లు నడిపాం, మూడుసార్లూ అంతే. తరవాత పొడవాటి రీడ్‌లతో చదివించినప్పుడు జెల్ చెప్పిందే నిజమైంది. కంప్యూటర్‌లో వచ్చిన పటం కొలిచి చూసినది కాదని, మరో రకపు వరుసను అరువు తెచ్చుకున్నదని ఆ అమ్మాయి తన థీసిస్‌లో నిజాయితీగా రాసుకుంది. ఆ పేజీ చదివినప్పుడు నాకెంతో గర్వమనిపించింది.

ఇక ఇబ్బందులు. సమయం విపరీతంగా తింటుంది. ప్లగ్ నుంచి ఫొటో దాకా మూడు నాలుగు రోజులు. దగ్గర దగ్గర పొడవున్న ముక్కలను విడదీయడం కష్టం. ఈ. కోలైలో బి 698, జి 657. దిక్కు మార్చే వ్యవధి సరిగ్గా కుదరకపోతే రెండూ కలిసి ఒకే లావు గీతగా వస్తాయి. ఒక వేసవిలో పద్దెనిమిదో గంటలో కరెంటు పోయింది. యూపీఎస్ యంత్రాన్ని నిలబెట్టింది గానీ, బఫర్‌ను చల్లబరిచే చిల్లర్‌ను దానికి కలపలేదు. బఫర్ వేడెక్కి గీతలన్నీ చెదిరిపోయాయి. కొనేవాళ్లు చిల్లర్‌కూ యూపీఎస్ పెట్టుకోండి, దయచేసి. మాకు యంత్రం అమ్మినవాళ్లు ఈ సంగతి చెప్పలేదు.

కొన్ని రకాల బ్యాక్టీరియాల డీఎన్‌ఏ ఈ జెల్‌లో ఎంత జాగ్రత్తపడినా మరకలా సాగిపోతుంది. ఏడాది పాటు మా ప్లగ్‌ల తప్పే అనుకుంటూ వచ్చాం. బఫర్‌లోని ట్రిస్ అనే రసాయనం వల్ల వాటి డీఎన్‌ఏ తెగుతోందని తెలిశాక, లీటరుకు 50 మైక్రోమోల్ థయోయూరియా కలిపితే గీతలు శుభ్రంగా వచ్చాయి. అది విషపదార్థం, చేతి తొడుగులు తప్పనిసరి.

రోగాలు వ్యాపించినప్పుడు బ్యాక్టీరియా రకాలను పోల్చడానికే కొనాలనుకుంటే మాత్రం వద్దంటాను. అమెరికాలో పల్స్‌నెట్ అనే రోగవ్యాప్తి నిఘా వ్యవస్థ 1996 నుంచి ఈ జెల్‌ల మీదే నడిచింది, 2019లో పూర్తి జీనోమ్ సీక్వెన్సింగ్‌కు మారిపోయింది. అది సరైన నిర్ణయమే. వరుస కనుక్కోవడానికైనా, చేతిలో డబ్బు ఒక్కదానికే ఉంటే పొడవాటి రీడ్‌ల సీక్వెన్సింగ్‌కే ఖర్చు పెట్టమంటాను. పదుల వేల అక్షరాల రీడ్ రైబోసోమ్ గుచ్ఛాన్ని అవలీలగా దాటేస్తుంది. కానీ అక్కడా కూర్పు చేసేది ప్రోగ్రామే, అది పొరపడుతుంది. అది చెప్పిన క్రోమోజోమ్ నిజంగా అంత పొడవుందా, గుండ్రంగా ఉందా, ఒకటా రెండా అన్నది కంటితో చూడాలంటే నాకు తెలిసి ఇంతకన్నా సూటైన దారి లేదు. రోడోబ్యాక్టర్ స్ఫెరాయిడెస్ అనే బ్యాక్టీరియాకు రెండు క్రోమోజోమ్‌లున్నాయని 1989లో బయటపడింది ఇలాంటి జెల్ మీదే.

పాత యంత్రం ఏదైనా ప్రయోగశాలలో మూలపడి ఉంటే అడిగి తెచ్చుకోమని మిత్రుడికి చెప్పాను. పంపు, ఎలక్ట్రోడ్లు బాగుంటే చాలు. ప్లగ్‌లు కొన్ని మేమే పంపిస్తాం. నాలుగేళ్ల కిందట చేసి ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర దాచిన ఈ. కోలై ప్లగ్‌ను పోయిన నెల కోసి నడిపితే ఏడు గీతలూ కనిపించాయి.