చిన్ కొండల చేతినేత పువాన్: కొనేముందు తిరగేసి చూడండి

2021 ఫిబ్రవరి సైనిక కుట్ర తర్వాత మయన్మార్‌లోని చిన్ రాష్ట్రం నుంచి 30,000 మందికి పైగా సరిహద్దు దాటి మిజోరం చేరారు. అదే ఏడాది ఆ రాష్ట్రంలోని థాంత్లాంగ్ పట్టణంలో ఇళ్లు వరసలు వరసలుగా తగలబడ్డాయి. ఇంత జరిగినా వాళ్ల నేత ఆగలేదు. మగ్గం అలాంటిది మరి. మన గుంటమగ్గంలా నేలలో పాతినది కాదు, కొన్ని కర్రలూ ఒక నడుంపట్టీ, అంతే. పడుగు ఒక కొస గుంజకు కట్టి, రెండో కొస నేసే ఆవిడ నడుముకు కట్టుకుంటుంది. వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే సడలుతుంది. లేవాల్సి వస్తే సగం నేసిన బట్టతో సహా చాపలా చుట్టేయొచ్చు.

పువాన్ అంటే బట్ట. చేతులు అందినంత మేరే నేయగలరు కనుక పన్నా చిన్నది. రెండు ముక్కలు నేసి మధ్యలో కలిపి కుడతారు. ఆ కుట్టును లోపం అనుకుని బేరమాడకండి. చూడాల్సింది కుట్టు దగ్గర అడ్డచారలు కలిశాయా లేదా అన్నదే. కాస్త పక్కకు జరిగితే ఫర్వాలేదు. అంగుళం దాటితే మాత్రం రెండు ముక్కలకూ బిగువు ఒకేలా లేదని అర్థం, ఉతికాక ఒకవైపు ముడుచుకుంటుంది. రెండు సగాలనూ పగటి వెలుగులో పక్కపక్కన పెట్టి చూడండి. నూలు కొంచెం కొంచెంగా కొన్నప్పుడు వేర్వేరు అద్దకాలవి కలిసి రంగు తేడా వస్తుంది.

చిన్ రాష్ట్ర రాజధాని హాఖా వైపు ఉండే లాయ్ తెగ బట్టల్లో అసలు పనితనం అదనపు పేకతో తీసే బుటాల్లో ఉంది. పడుగు పోగులు లెక్కపెట్టి ఎత్తి, ఒక్కో వరసలో రంగు పోగు చేత్తోనే దూరుస్తారు. దట్టమైన బుటా ఉన్న బట్టకు నెలలు పడుతుంది. ధరలో ఎక్కువ భాగం ఆ శ్రమదే, అది న్యాయమే. మరమగ్గం నకలుకు మధ్య కుట్టు ఉండదు, వెనకవైపు కత్తిరించిన పోగులు వేలాడతాయి.

నూలు విషయంలో జాగ్రత్త. ఇప్పుడు అక్రిలిక్ అనే కృత్రిమ పోగు బాగా వాడుతున్నారు. కుచ్చులోంచి ఒక పోగు తీసి కాల్చండి: కాగితం వాసనతో మెత్తటి బూడిదైతే పత్తి నూలు, నల్లగా గట్టి పూసలా అంటుకుంటే అక్రిలిక్. అక్రిలిక్ చలికి మంచిదే, కానీ వేడి ఇస్త్రీ తగిలితే పాడవుతుంది. ఎరుపు మీద తడి తెల్లగుడ్డ రుద్ది చూడండి. రంగు అంటితే ఇంట్లో ఉతకొద్దు, డ్రైవాష్‌కే ఇవ్వండి. అంటకపోతే చన్నీళ్లలో కుంకుడు రసంతో ఉతికి, పిండకుండా నీడన ఆరేయండి.

ఇంకొకటి. పువాన్‌చేయ్ అనే బట్టతో సహా మిజోరంలోని అయిదు మిజో బట్టలకు 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. హాఖా బట్ట ఆ అయిదింటిలో లేదు. ఆ ముద్ర చూపించి ధర పెంచితే నమ్మకండి, ఏ ఊరి నేత అని అడగండి.