డైక్లోఫెనాక్ ఎస్‌ఆర్ 100 మి.గ్రా. మాత్ర: గ్యాస్ మాత్ర కాపాడని చోటు

మోకాళ్ల నొప్పి, నడుం నొప్పి అనగానే చాలామంది అడిగి తీసుకునే మాత్ర ఇది. నొప్పి తగ్గించడంలో దీనికి వంక పెట్టలేం. నాలుగైదు రోజుల వాడకానికి 5కు 4 మార్కులు ఇస్తాం. డాక్టరుకు చూపించుకోకుండా నెలల తరబడి వాడితే మాత్రం 1 మార్కు కూడా ఎక్కువే.

చిక్కంతా ‘ఎస్‌ఆర్’ (సస్టెయిన్డ్ రిలీజ్) అనే ఆ రెండక్షరాల్లోనే ఉంది. మాత్ర మెల్లగా కరుగుతుంది కాబట్టి రోజుకు ఒకటి సరిపోతుంది. కానీ అలా కరుగుతూనే చిన్నపేగు దాటి, ఇంకా కొంత మందు మిగిలుండగానే పెద్దపేగులోకి చేరుతుంది. పేగు లోపలి పొరకు కాపలాగా ఉండే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలను ఈ మందు తయారు కానివ్వదు. దానికి తోడు మందు నేరుగా పొరకు తగులుతుంది. దాంతో వాపు, పుండ్లు. కొలనోస్కోపీలో (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) ఇవి ఎక్కువగా కుడివైపు పెద్దపేగులోనే, అంచులు గీత గీసినట్టు కనిపిస్తాయి; పుండుకూ పుండుకూ మధ్య పొర మామూలుగానే ఉంటుంది. ఏళ్ల తరబడి వాడినవాళ్లలో పుండు మానిన చోట పల్చటి తెర కట్టి పేగు ఇరుకైపోవడమూ ఉంది.

‘గ్యాస్ మాత్ర కలిపే వేసుకుంటున్నాం కదా’ అనుకోవద్దు. పాంటొప్రజోల్ లాంటి గ్యాస్ మాత్ర పని జీర్ణాశయంలో ఆమ్లాన్ని తగ్గించడం వరకే. పెద్దపేగు పుండుకు కారణం ఆమ్లం కాదు, కాబట్టి అక్కడ అది అడ్డుపడలేదు.

నీళ్ల విరేచనాలు, మలంలో నెత్తురు, కడుపునొప్పి, కారణం తెలియని రక్తహీనత దీని గుర్తులు. బాధ కలిగించేదేమిటంటే, ఇది మొలలనో అమీబియాసిస్ (అమీబా వల్ల వచ్చే పేగు జబ్బు) అనో అనుకుని దానికి వాడే మెట్రోనిడజోల్ వేసుకుంటూ, నొప్పి మాత్రను మాత్రం ఆపరు. డాక్టరు అడిగినా ‘బీపీ మాత్ర ఒక్కటే’ అంటారు, నొప్పి మాత్ర లెక్కలోకే రాదు. వాడే మాత్రల షీట్లన్నీ తీసుకెళ్లి చూపించండి. ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్ ఇవన్నీ ఈ కోవలోవే; పేర్లు వేరైనా రెండు రకాలు కలిపి వేసుకోకూడదు. మాత్ర ఆపితే చాలామందికి కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల్లోపు తేలికపడుతుంది. నెత్తురు పడితే మాత్రం ఆగి చూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ (పేగుల్లో దీర్ఘకాలం వాపు ఉండే జబ్బులు) ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దీని జోలికి వెళ్లొద్దు. మాత్రను విరిచి, నూరి వేసుకోకూడదు. రోజంతటికీ సరిపడే మందు ఒక్కసారిగా విడుదలైపోతుంది. మోకాలి నొప్పికైతే ముందు డైక్లోఫెనాక్ జెల్ రాసి చూడండి. మాత్రతో పోలిస్తే దాని నుంచి రక్తంలోకి చేరే మందు సుమారు 6 శాతమే.